లోపలి గడియ

బెంచీకి ఇటు చివర డాక్టరమ్మ, అటు చివర ఆ మొగుడు. మధ్య ఖాళీలో అతని ప్లాస్టిక్ సంచి, సంచిలో అతని భార్య రిపోర్టులు, ఒక్క కాగితం నలగకుండా. ఎదురుగా డైరెక్టరు గది. లోపల ఈ డాక్టరమ్మ గురించే మాట్లాడుకుంటున్నారు, ఆమెని బయట కూర్చోబెట్టి. "కాసేపు బయట ఉండండి మేడమ్" అని పంపించి, ఆమె గడప దాటీ దాటకముందే లోపలినుంచి గడియ వేసుకున్నారు. ఆ చప్పుడు ఆమె విన్నది. కూర్చోబెట్టనీ అనుకుంది. ఈ వృత్తిలోకి వచ్చింది మొదలు ఎంతమంది మొగుళ్ళని, అత్తల్ని, ఆడపడుచుల్ని ఇలా బయట కూర్చోబెట్టిందో తను, వాళ్ళు పెట్టిన శాపనార్థాలన్నీ పోగై ఇవాళ ఈ బెంచీ మీద పడ్డాయేమో, పడనీ, బెంచీ గట్టిదే. తలుపు అవతల ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు, నవ్వేంత విషయం ఏముందో. వరండా కిటికీలోంచి చూస్తే కింద ఆవరణ, ఆవరణకి అవతల తన గది, గది తలుపు దగ్గర గొంతుక్కూర్చున్న వడ్రంగి. టక్, టక్, ఆగి మళ్ళీ టక్. తన గది గడియ ఊడదీస్తున్నాడు. అది ఊడిరావడం లేదు. ఎలా వస్తుంది, బిగించిన నాడు అతనే చెప్పాడు కదా, "ఏనుగొచ్చి గుద్దినా కదలదు డాక్టరమ్మా" అని. పొద్దున ఎదురుపడి తల గోక్కున్నాడు. "పెట్టమన్నది మీరు, తియ్యమన్నది వాళ్ళు. నాకైతే ఒకే గడియకి రెండుసార్లు పని. కానీ ఈ రెండో పనికి చేతులు రావట్లేదమ్మా." "రాకపోతే నెమ్మదిగా తియ్యి" అంది తను. నెమ్మదిగానే తీస్తున్నాడు, మంచివాడు.

వాళ్ళు అడిగింది ఒక్కటే. ఆరోజు ఇతని భార్యని లోపల పెట్టుకుని, గడియ వేసుకుని, ఇతను బయట తలుపు బాదుతున్నా తియ్యకుండా, అంతసేపు లోపల ఏం జరిగింది? అది చెబితే చాలట, ఇతనిచ్చిన ఫిర్యాదు చెత్తబుట్టలోకి, గడియ మళ్ళీ తలుపు మీదికి. చెప్పకపోతే గడియా పోతుంది, గదీ పోతుంది, రేపటినుంచి ఆడవాళ్ళని చూసే పని ఇంకొకరిది, తనకి పై అంతస్తులో ఫైళ్ళు. డైరెక్టరు పొద్దున ఫోన్లో బతిమాలాడు కూడా. "మీ మంచికే మేడమ్. ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పేయండి, మిగతాది నేను చూసుకుంటా." చూసుకుంటాడట. తన దగ్గర పని నేర్చుకుంటూ మొదటి కాన్పు చేసిన రోజు వీడి చేతులు ఆకుల్లా వణికితే, జారిపోతున్న ఆ పసిగుడ్డు కింద తన చేతులు పెట్టింది తను. ఆ తర్వాత బయటికొచ్చి ఆ బిడ్డ తండ్రికి "మగపిల్లాడు" అని వీడే గొప్పగా చెప్పాడు, తల్లికి చెప్పాలన్న ధ్యాసే లేకుండా. "ముందు ఎవరికి చెప్పాలిరా?" అని అందరి ముందూ అడిగింది. అప్పుడు ఎర్రబడిన మొహం ఇప్పటికీ అలాగే ఉంది, దానికి కాస్త కండ పట్టింది, అంతే.

పోనీ దాచాల్సినంత ఘోరం జరిగిందా అంటే, అదే నవ్వొచ్చే సంగతి. ఆ పిల్ల వచ్చింది, ముగ్గురు పిల్లల తల్లి, కళ్ళ కింద నల్లగా గుంటలు, బహిష్టు అయితే రక్తం ఆగడం లేదని వచ్చింది. ఇతను వెనకే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, "మాకు పోయిన నెల పదిరోజులైనా ఆగలేదండీ" అన్నాడు. "మీకా?" అంది తను. అతనికి అర్థం కాలేదు. "మీకైతే వేరే డాక్టరు ఉన్నాడు, పై అంతస్తు. ఈవిడకైతే ఈవిడ చెప్తుంది. మీరు బయట కూర్చోండి." వెళ్ళాడు, రెండుసార్లు వెనక్కి చూసి. తను గడియ వేసి కుర్చీ ఆ పిల్ల పక్కకి లాక్కుంది, బల్లకి అవతల కూర్చోవడం ఎప్పుడో మానేసింది. "చెప్పమ్మా." ఆ పిల్ల చెప్పలేదు. గడియవంక చూస్తోంది. "అది లోపలినుంచి పడిందా అండీ?" "పడింది." "బయటినుంచి ఎవరూ తియ్యలేరా?" "నేను తీస్తే తప్ప." అయితే సరే అన్నట్టు తలాడించి, లేచి, చూపించిన మంచం మీద వాలింది. తను చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని ఇటు తిరిగేసరికి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి కిందికి వేలాడేసి, చెప్పులు కూడా విప్పకుండా.

అంతే. లోపల జరిగింది అంతే, ఆ పిల్ల నిద్రపోయింది. వాళ్ళింట్లో తలుపులకి గడియలు లేవని, అన్నిటికీ తెరలే అని తర్వాత చెప్పింది. అత్త దగ్గితే లేవాలి, చంటిది ఏడిస్తే లేవాలి, మధ్యది మంచం తడిపితే లేవాలి, ఇతను అటునుంచి ఇటు తిరిగితే మెలకువ రావాలి. స్నానానికి వెళ్ళినా తలుపవతలనించి ఎవరో ఒకరు అది ఎక్కడుంది ఇది ఎక్కడుంది అని కేక వేస్తూనే ఉంటారు. డాక్టరమ్మ తొడుగులు తీసేసి కుర్చీలో కూర్చుంది. లేపబుద్ధి కాలేదు. ఇదీ వైద్యమేనని ఏ పుస్తకంలోనూ రాయలేదు, రాయకపోతే రాయకపోయింది. ఆ పిల్ల ఊపిరి ముందు గతుకుల దారిలో బండిలా నడిచి, తర్వాత తారు రోడ్డెక్కినట్టు సాఫీగా సాగింది. బయట ఇతను ముందు తట్టాడు, తర్వాత బాదాడు, తర్వాత ఎవరినో పిలుచుకొచ్చి వాళ్ళ చేత బాదించాడు. ఏనుగొచ్చి గుద్దినా కదలదు. లేచాక ఆ పిల్ల అయ్యయ్యో అని కంగారుపడింది, కంగారుపడి, మళ్ళీ ఏమనుకుందో నవ్వింది. ఆ నవ్వులో ఆమె వయసు కనబడింది, ఎంత చిన్నదో. అప్పుడు పరీక్ష చేసింది, మందు రాసింది, మళ్ళీ రమ్మంది, అవన్నీ కాగితం మీద ఉన్నాయి, ఆ కాగితం ఇతని సంచిలోనే ఉంది. కాగితం మీద లేనిది ఆ నిద్ర ఒక్కటే. "ఆయన అడిగితే ఏం చెప్పమంటారు?" "నీ ఇష్టం. చెప్పాలనిపిస్తే చెప్పు." గడియ తియ్యగానే ఇతను అడగనే అడిగాడు, ఏం మాట్లాడుకున్నారు ఇంతసేపు అని. ఆ పిల్ల అతని మొహంలోకి చూడకుండా, వదులైన చెప్పు సరిచేసుకుంటూ, "చెప్పను" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయినట్టు ఒక్క క్షణం ఆగింది, ఆగి, నడిచి వెళ్ళిపోయింది.

ఆ మాట ఇల్లు చేరింది. ఆ రాత్రి అడిగాడట, చెప్పలేదు. మర్నాడు తల్లి చేత అడిగించాడట, చెప్పలేదు. అలిగాడట, అన్నం మానేశాడట, అయినా చెప్పలేదు. అందుకని ఫిర్యాదు. ఇప్పుడు తను లోపలికెళ్ళి, "ఏం లేదండీ, పాపం నిద్రపోయింది" అంటే చాలు. ఎంత చిన్న మాట. ఎవరికీ నష్టం లేని మాట. డైరెక్టరు హమ్మయ్య అంటాడు, పరిపాలనాధికారి పకపకా నవ్వుతాడు, ఈ మొగుడు ఇంటికెళ్ళి, "ఓసి, నిద్రపోయావా! దీనికా ఇంత బెట్టు" అంటాడు, అత్త నవ్వుతుంది, పిల్లలు కూడా నవ్వుతారు ఎందుకో తెలియకపోయినా. ఆ నవ్వుతో సరి. ఇక ఆ పిల్ల నోట్లో చెప్పను అన్న మాట మళ్ళీ పుట్టదు. దాన్ని తనే పురిట్లో చంపినట్టవుతుంది. ఇన్నేళ్ళలో ఎన్నో కాన్పులు చేసిన చేతులివి, ఆ పని మాత్రం చెయ్యవు.

"ఏమండీ" అన్నాడు అటు చివరనుంచి. ఆమె తల తిప్పలేదు. "పెద్దవారు మీరు. మా అమ్మ ఈడు. నన్నెందుకిలా తిప్పించుకుంటారు చెప్పండి? ఏం మాట్లాడుకున్నారో చెప్పేస్తే ఈ ఫిర్యాదు కాగితం ఇప్పుడే చింపేసి వెళ్ళిపోతాను."

"ఆవిడెక్కడ?"

"కింద కూర్చోబెట్టి వచ్చాను. పైకెందుకు, నేను చెప్తాను కదా."

"అదే మీ జబ్బు."

"నాకేం జబ్బండీ?"

"మా విభాగంలో దానికి మందు లేదు" అంది. అతను మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి గొంతు తగ్గించి. "నేనేమైనా తాగుతానా, కొడతానా? మందులు నేనే తెస్తాను, తేదీలు నేనే గుర్తుపెట్టుకుంటాను. మా బావమరుదుల్లో ఒక్కణ్ణి చూపించండి, పెళ్ళాన్ని ఇంత చూసుకునేవాణ్ణి. నా పెళ్ళాం ఒంటి గురించి నాకు తెలియకూడనిది ఏముంటుందండీ?" చూసుకుంటాడు, నిజమే. అదీ ఇతనితో చిక్కు. కొట్టే మొగుణ్ణి పోల్చుకోవడం తేలిక, వాడు వదిలిన గుర్తులు ఒంటి మీద ఉంటాయి. ఇతని గుర్తులు ఎక్కడ వెతకాలి? ఆ కళ్ళ కింద గుంటల్లోనా? మంచివాడు. తన మంచితనమంతా ఆ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఊరంతా తిరుగుతాడు. డాక్టరమ్మ బాబాయీ ఇలాగే మంచివాడు.

బాబాయి కూడా పిన్నిని బాగా చూసుకున్నాడు. తల్లిలేని తనని పెంచింది పిన్ని. బహిష్టులు ఆగి ఏళ్ళయిన పిన్నికి మళ్ళీ రక్తం కనబడింది. పెరట్లో గుడ్డలు ఉతుకుతుంటే నీళ్ళు తోడిపోసింది తనే, కాలవలో ఎర్రగా పారే నీళ్ళు చూసింది తనే. ఆ నీళ్ళు మట్టిలోకి ఇంకేదాకా పిన్ని అక్కడే నిలబడేది, ఎవరూ రాకుండా కాపలా కాస్తున్నట్టు. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి, ఎండలూ పోయాయి. ఒకరోజు పిన్ని కళ్ళు తిరిగి పడిపోతే బాబాయి బండి కట్టించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, తనూ వెళ్ళింది పిన్ని చెయ్యి పట్టుకుని. డాక్టరు పిన్నివంక చూడలేదు. "ఎప్పటినుంచి?" అన్నాడు బాబాయితో. "ఈమధ్యేనండీ, నాలుగురోజులు" అన్నాడు బాబాయి. అబద్ధం కాదు, అతనికి తెలిసింది నాలుగురోజులే. పిన్ని నేలవంక చూస్తోంది. ఆ డాక్టరు ఒక్కసారి అటు తిరిగి, "ఏమ్మా?" అంటే చాలు. అనలేదు. "నాలుగురోజులు కాదు" అంది తను, అప్పటికి బాబాయి నడుము దాకా కూడా రాని పిల్ల. డాక్టరు కలం ఆపి, "పిల్లని బయటికి పంపండి" అన్నాడు. పంపేశారు. బయట అరుగు మీద కూర్చుని ఏడవలేదు తను, తలుపుని చూస్తూ కూర్చుంది. బయటికి పంపాల్సిన మనిషి లోపల ఉన్నాడు, లోపల ఉండాల్సిన మనిషి బయట ఉంది, చిన్నప్పుడు ఈ మాటల్లో అనుకోలేదు గానీ కడుపులో అనుకున్నది అదే. ఎర్రటి టానిక్కు ఇచ్చాడు ఆ డాక్టరు. బాబాయి రోజూ తన చేత్తో చెంచాలో పోసి తాగించేవాడు, ఒక్క పూట తప్పకుండా. ఆ తర్వాతి వానలకి పిన్ని లేదు. బాబాయి చాలా ఏడ్చాడు, అంతా చూసుకున్నాను కదా, నా తప్పేముంది అని వచ్చినవాళ్ళందరినీ పట్టుకుని ఏడ్చాడు. ఏడవనీ. ఊళ్ళో అందరూ జాలిపడ్డారు, తను పడలేదు. ఆ తర్వాత ముసలితనంలో ఆయన తన దగ్గరికే వైద్యానికి వస్తే చూసింది, మందిచ్చింది, కాళ్ళు ఒత్తింది కూడా. క్షమించడం మాత్రం చెయ్యలేదు. అది మందుల కొట్లో దొరకదు.

టక్, టక్. ఆగింది. ఊడిందా? లేదు, మళ్ళీ టక్. డాక్టరు చదువు కూడా అలాంటి గదుల్లోనే చదివింది తను, తెరలు వేలాడే గదుల్లో. పెద్ద ప్రొఫెసరు తెర సర్రున లాగేవాడు, బల్ల మీద పడుకున్న మనిషికి ఒక మాటైనా చెప్పకుండా, వెనక అంతమంది విద్యార్థులు మెడలు సాచుకుని. ఆమె మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుంటే, "ఏం సిగ్గమ్మా ఇంకా, పిల్లల్ని కన్నావుగా" అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు, తనకి నవ్వు వచ్చేది కాదు, ఒళ్ళు మండేది. పురుటి గదిలో ఇంకా అన్యాయం, నొప్పులతో అరిచే ఆడదాని తొడ మీద ఒక్కటేసి, "అప్పుడు లేదా ఈ అరుపు?" అనే నర్సు, ఆ నర్సుకీ ఎవరో అలా వేసే ఉంటారు. తనకంటూ ఒక వార్డు వచ్చిన మొదటి రోజే చెప్పింది, ఆ మాట ఇంకోసారి వినబడితే అన్న మనిషిని ఆ బల్ల మీదే పడుకోబెడతానని. వినబడలేదు, కనీసం తను ఉన్నప్పుడు. చల్లటి ఇనుప పరికరాన్ని వేడినీళ్ళలో ముంచి, తన మణికట్టు మీద పెట్టి చూసుకుని గానీ లోపల పెట్టేది కాదు. "ఇప్పుడు ముట్టుకుంటున్నాను" అని చెప్పకుండా ముట్టుకునేది కాదు. ఆలస్యం అవుతోందని గోల. అవనీ. మీ ఒంటికి ఇనుము తగిలినప్పుడు తెలుస్తుంది అనేది. పక్క గదిలో డాక్టరు మధ్యాహ్నానికి వరస మొత్తం చూసేసి ఇంటికెళ్ళేవాడు, తన వరస పొద్దుగూకేదాకా ఉండేది, అయినా ఆడవాళ్ళు వచ్చి తన గుమ్మం ముందే కూర్చునేవాళ్ళు. గడియ డాక్టరమ్మ అని పేరు పెట్టింది వాళ్ళే.

గడియ పెట్టించింది మాత్రం ఒక పెద్దావిడ వల్ల. ఆవిడ బల్ల మీద ఉంది, మోకాళ్ళు ఎత్తి, దుప్పటి పక్కకి జరిగి, తను పరీక్ష చేస్తోంది. బల్బు మార్చేవాడు తలుపు తోసుకుని నిచ్చెనతో సహా లోపలికొచ్చాడు. తను అరిచింది, వాడు నాలుక కరుచుకుని నిచ్చెన గోడకి కొట్టుకుంటూ బయటికి పారిపోయాడు. ఆ పెద్దావిడ అరవలేదు. దుప్పటి లాక్కోలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది, అంతే. బతుకంతా ఎవరెప్పుడు తోసుకొచ్చినా మొహం గోడవైపు తిప్పుకోవడమే అలవాటైనట్టు, అందులో తప్పుపట్టాల్సిందేమీ లేనట్టు. ఆ మెడ తిరిగిన తీరు చూశాక ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిచింది. ఎంత పొడుగు గడియ అని అడిగాడు. ఉన్నవాటిలో పెద్దది అంది.

ఇంట్లో ఆయన కూడా మొదట్లో అడిగేవాడు, తన మొగుడు. "ఇవాళ ఏం జరిగింది మీ గదిలో, చెప్పు." "ఏమీ లేదు." కొన్నాళ్ళు మొహం మాడ్చుకున్నాడు, కొన్నాళ్ళకి అర్థమైంది, ఆ తర్వాత అడగడం మానేసి టీ కలిపి చేతికిచ్చి ఎదురుగా కూర్చునేవాడు, తను తాగుతుంటే చూస్తూ. ఆ పని నేర్చుకోవడానికి ఒక మగవాడికి ఎంతకాలం పడుతుందో, అయినా నేర్చుకున్నాడు, అందుకే ఇప్పటికీ సాయంత్రం ఇంటికెళ్తే ఖాళీ అయిన ఆ ఎదురు కుర్చీ చూడలేక టీ నిలబడే తాగేస్తుంది. చివర్లో ఆయన ఇంకో ఆస్పత్రిలో మంచం మీద ఉన్నప్పుడు కుర్ర డాక్టర్లు వచ్చి, ఆయన మీదుగా తనతో మాట్లాడేవాళ్ళు, తోటి డాక్టరని గౌరవం. "ఆయనకి రాత్రి నిద్ర పట్టిందా మేడమ్? నొప్పి ఎలా ఉంది మేడమ్?" "ఆయన్ని అడగండి" అంది. ఆయన నవ్వాడు ముక్కులో గొట్టంతోనే. "అలవాటు చేసుకో, ఇప్పుడు నేను ఆడదాన్ని" అన్నాడు వాళ్ళు వెళ్ళాక. అది వేళాకోళమా, నిజమా? ఆ రోజు నవ్వింది. ఆయన పోయాక ఆ మాట తలుచుకుని ఎంతసేపు కూర్చుందో. ఒంట్లో జబ్బు పడిన ప్రతి మనిషినీ ఇలాగే చేస్తారు, ముందు గొంతు తీసుకుంటారు, తర్వాత మందిస్తారు.

లోపల గడియ తీసిన చప్పుడైంది. "మేడమ్, రండి." అటు చివరనుంచి ఇతను కూడా లేవబోయాడు. "మీరు ఉండండి, పిలుస్తాం" అన్నారు. కూర్చున్నాడు, సంచి ఒళ్ళోకి లాక్కుని. గదిలో బల్లకి అవతల డైరెక్టరు, పక్కన పరిపాలనాధికారి, బల్ల మీద మూత పెట్టిన నీళ్ళ గ్లాసులు. డైరెక్టరు కుర్చీ చూపించాడు. "వద్దు, ఇందాకటినుంచి కూర్చునే ఉన్నాను" అంది. అధికారి గొంతు సవరించుకున్నాడు. "చూడండి డాక్టరు గారూ, ఆస్పత్రిలో దాపరికాలేమిటండీ? రేపు ఏదైనా అయితే బాధ్యత ఎవరిది?"

"నాది."

"సరే, బాగుంది. ఇంతకీ ఆరోజు లోపల ఏం జరిగింది?"

"చెప్పను."

ఆ మాట నాలుక మీద ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమెకి తెలియదు. చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని వెతుక్కున్న మాట ఇది కాదు, అయినా దాని తోబుట్టువే. డైరెక్టరు బల్ల మీదికి వంగాడు. "మేడమ్, పరీక్ష చేశాను, మందు రాశాను అనండి. అదే రాసుకుంటాం."

"అది మీ కాగితాల్లో ఉంది. మీకు కావలసింది మిగతాది. అది ఆవిడది, నాది కాదు ఇవ్వడానికి. కావాలంటే ఆవిణ్ణే అడగండి, కిందే ఉంది. ఆయన్ని బయట కూర్చోబెట్టి, తలుపు వేసి అడగండి. చెబితే వినండి, చెప్పకపోతే ఊరుకోండి."

"గడియ కూడా వెయ్యాలా?" అన్నాడు అధికారి, నవ్వు ఆపుకుంటూ.

"మీ తలుపుకి ఉందిగా. ఇందాక నా వెనకే వేసుకున్నారుగా."

నవ్వు ఆగిపోయింది. డైరెక్టరు తలుపువంక చూశాడు, చూడనట్టు మళ్ళీ కాగితాల్లోకి దిగాడు. ఎర్రబడింది మొహం, అప్పటిలాగే. "రేపటినుంచి ఆ గదిలో మీరు చూడరు మేడమ్. నా చేతుల్లో లేదు."

"నీ చేతులు నాకు తెలుసులే" అంది ఆమె. "రేపటినుంచి కదా. ఇవాళ్టి వరస ఇంకా కింద కూర్చుని ఉంది." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "రేపు కూడా వస్తాను. గది ఇవ్వకపోతే వరండాలో చూస్తాను. తెర నేనే తెచ్చుకుంటా."

బయట ఇతను ఆశగా లేచాడు. "చెప్పారా?" ఆమె దాటి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతుంటే మోకాళ్ళు పట్టేశాయి, ఫినాయిలు వాసన, చంటిపిల్లల ఏడుపు, ఎవరో మందుల చీటీ చదివించుకుంటున్నారు, అన్నీ రోజులాగే. వెనక పైనుంచి ఎవరో ఇతన్ని పేరుపెట్టి పిలిచారు, ఇతను వెళ్ళాడు, తలుపు పడింది. కింద తన గుమ్మం దగ్గర వడ్రంగి పనిముట్లు సర్దుకుంటున్నాడు. తలుపు మీద గడియ ఉన్నచోట రంగు లేని మచ్చ, స్క్రూలు ఊడిన కన్నాలు. అతను గుడ్డలో చుట్టిన గడియ చేతిలో పెట్టాడు. "పారెయ్యమన్నారమ్మా. ఎక్కడ పారెయ్యాలో చెప్పలేదు." ఆమె తీసుకుని కోటు జేబులో వేసుకుంది. జేబు ఒక పక్కకి లాగేసింది, లాగనీ.

గోడవారగా వరసలో ఆడవాళ్ళు. మాట పాకినట్టుంది, అందరూ తలుపు మచ్చవంకే చూస్తున్నారు. చిట్టచివర ఆ పిల్ల, ఒళ్ళో చేతులు పెట్టుకుని, పైకి మెట్లవంక చూస్తూ. వరసలో ముందున్న నిండు చూలాలు అర్థం చేసుకుందో ఏమో, "ముందు తనని చూడండి డాక్టరమ్మా. నాకింకా నొప్పులు రాలేదులే, వస్తే అరుస్తాగా" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల లేచి లోపలికొచ్చింది. వచ్చి, తలుపు మూసిన డాక్టరమ్మవంక కాదు, తలుపువంక చూసింది, కన్నాలవంక.

"నేనేం చెప్పలేదండీ" అంది. "ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు."

"నేనూ చెప్పలేదు" అంది డాక్టరమ్మ.

 మందు వేసుకుంటే రక్తం తగ్గిందని ఆ పిల్ల చెప్పింది, కళ్ళు తిరగడం కూడా తగ్గిందని చెప్పింది. నిద్ర పడుతోందా అంటే మళ్ళీ తలుపువంకే చూసింది. "గడియ లేదుగా ఇప్పుడు" అంది, తనకి తను చెప్పుకున్నట్టు.

డాక్టరమ్మ కుర్చీ ఈడ్చుకెళ్ళి తలుపుకి ఆనించింది. బరువైన కుర్చీ, పాతకాలపుది, నేల మీద గీత పడింది. అందులో కూర్చుని, వీపు తలుపుకి ఆనించి, రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, "ఇప్పుడు పడింది" అంది. "వెళ్ళి పడుకో. ఈసారి చెప్పులు విప్పు."

ఆ పిల్ల చెప్పులు విప్పి మంచం కింద జతగా పెట్టింది. పడుకుని, గోడవైపు కాదు, ఇటువైపే మొహం పెట్టుకుంది. ఊపిరి గతుకులు దాటుతోంది. కాసేపటికి మెట్ల మీద అడుగులు, వరండాలో అడుగులు, తలుపు మీద దెబ్బ. ఆ దెబ్బ చెక్కలోంచి వచ్చి డాక్టరమ్మ వీపుకి తగిలింది. ఆమె కుర్చీ ఇంకాస్త వెనక్కి నెట్టి కూర్చుంది.